కళ్ళు పైకి పెట్టండి బావగారూ

ఆదివారం

మరదలికి బావ ఆశీస్సులు.

ఇక్కడ నేను క్షేమం. అలా రాయడం ఆనవాయితీ కాబట్టి రాశాను. నువ్వు కూడా క్షేమమని తలుస్తాను.

మీ అక్క పోయాక ఇల్లు సర్దడం మొదలుపెట్టాను. బట్టలు ఇచ్చేశాను. మందు సీసాలు పారేశాను. కళ్ళజోడు ఎవరికివ్వాలో తెలియక సొరుగులో పెట్టాను, తీశాను, మళ్ళీ పెట్టాను. నిన్న వంటింటి వెనక సామాన్ల గది తలుపు తీస్తే మూలన ఒక గోనెసంచి కనపడింది. దాని మూతిలోంచి తెల్లగా, పొడుగ్గా వేళ్ళలాంటివేవో బయటికి చాచుకుని ఉన్నాయి. కొండదారిలో బ్రేకులు పోయిన బస్సుని మట్టిదిబ్బకి ఆనించి ఆపినవాణ్ణి నేను. అయినా ఒకడుగు వెనక్కి వేశాను.

తీరా చూస్తే బంగాళాదుంపలు. కోడిగుడ్డంత ఉంటాయి. తోలు ముడతలు పడి, చీకట్లో తమ మానాన తాము మొలకలు వేసుకుని కూర్చున్నాయి. ప్రతి ఏడూ మీ అక్కే పెరట్లో వేసేది. నాకు తెలిసింది తినడం వరకే. ఇవి పాడైనట్టా? పారేయనా? మీ అక్కకి తెలిసినవన్నీ నీకూ తెలిసే ఉంటాయని అడుగుతున్నాను.

మిగతా ఇల్లంతా అయిపోయింది. ఈ సంచి ఒక్కటి తేలిపోతే ఇక్కడ నాకింక పనేమీ లేదు.

ఇట్లు,
బావ

తా.క.: పక్కింటి ప్లీడరు గారు గోడ మీంచి తొంగిచూసి, "పచ్చబడ్డవి తినకండోయ్, పోతారు" అన్నారు. ఆయన నోట ఎప్పుడూ ఇలాంటి శుభవార్తలే వస్తాయి. "ఎన్ని తింటే?" అని అడిగాను. ఊరికే, మాటవరసకి.

---

బుధవారం

బావగారికి నమస్కారాలు.

పారేయకండి. తినకండి. ఒక్కటంటే ఒక్కటి కూడా.

లాండ్రీలో ఇస్త్రీ బల్ల పక్కనే నిలబడి రాస్తున్నాను. ఆస్పత్రి దుప్పట్లన్నీ ఈ పూటే వచ్చి పడ్డాయి. ఆవిరికి అక్షరాలు అలుక్కుపోతే మన్నించండి.

అవి విత్తనపు దుంపలు. అక్క నాకు అన్నీ చెప్పింది, నేను మీకు చెబుతాను. మీరు చేయాల్సింది చాలా ఉంది. ముందు వాటిని చీకట్లోంచి బయటికి తీయండి. బాగా వెలుతురు వచ్చే గదిలో, కోడిగుడ్లు పెట్టే అట్టల్లో ఒక్కొక్కదాన్నీ నిలబెట్టండి. కళ్ళు, అంటే మొలకలు వచ్చే గుంటలు, ఎక్కువున్న వైపు పైకి ఉండాలి. కిటికీలు పొద్దున్నే తెరవాలి. మూసిన గదిలో మొలక నీరసపడుతుంది.

వాటి మీద మీరు గడ్డం గీసుకున్న నీళ్ళు చిలకరించాలి. రోజూ, తాజావి. నిన్నటి నీళ్ళు పనికిరావు. రెండు పూటలా ఆ గదిలోనే కూర్చుని వేడివేడిగా వండుకుని తినాలి, ఆ ఆవిరి వాటికి తగలాలి. హోటలు నుంచి తెచ్చిన పొట్లం ఆవిరి వేరు, అది మంచిది కాదు. మధ్యమధ్యలో పైకి వినపడేలా వాటితో మాట్లాడుతుండాలి. నిశ్శబ్దంగా ఉన్న ఇంట్లో బంగాళాదుంప మొలవదని అక్క ఎప్పుడూ అనేది.

ఇట్లు,
మీ మరదలు

తా.క.: ఉత్త సబ్బు కలిపిన నీళ్ళు పోసి గడ్డం నీళ్ళని బుకాయించవద్దు. దుంపలకి తెలిసిపోతుంది.

---

మంగళవారం

మరదలికి బావ ఆశీస్సులు.

నువ్వు చెప్పినవన్నీ తు.చ. తప్పకుండా చేస్తున్నాను. నువ్వు మనసు కష్టపెట్టుకోవద్దు. అన్నిటికంటే ముందు అది గుర్తుపెట్టుకో.

ఇంట్లో ఎండ వచ్చేది పడకగదికే. అందుకని అట్టలు మంచం మీద సర్దాను. మొదట మీ అక్క వైపు పెట్టాను, చాలలేదు, నా వైపు కూడా ఇచ్చేశాను. నేను హాల్లో బల్ల మీద పడుకుంటున్నాను. డిపోలో అలవాటైనదే.

గడ్డం గీసుకుంటున్నాను. చాలా రోజులైందేమో, అద్దంలో ఎవరో బక్కాయన బయటపడ్డాడు. వంట కూడా మొదలుపెట్టాను. మొదటి రోజు ఆవిరి రాలేదు, పొగ వచ్చింది. మరి దుంపలకి పొగ పడుతుందో లేదో నువ్వు రాయలేదు.

ఇక మాట్లాడటం ఒక్కటే కష్టమైంది. వాటితో ఏం మాట్లాడను? ఆలోచించి ఆలోచించి నా పాత రూటులో స్టాపులన్నీ వరసగా చదవడం మొదలుపెట్టాను. "గడియారం స్తంభం! దిగేవాళ్ళు త్వరగా దిగండి! తర్వాతది పాత జైలు! ఫుట్‌బోర్డు మీదెవరయ్యా, లోపలికి రా!" మూడోసారి చదువుతుంటే గోడవతల నుంచి ప్లీడరు గారు, "ఏవండీ, మీ బస్సు మా వీధిలో ఆగదా?" అని అరిచారు. "ఇది ఎక్స్‌ప్రెస్సండీ" అన్నాను.

సరే, నీ సంగతి రాయి. వేళకి తింటున్నావా? నిద్రపడుతోందా? తల బరువుగా ఏమైనా ఉంటోందా?

ఇక్కడ ఒక దుంపకి కన్ను పక్కకి వచ్చింది. దాన్ని ఎలా నిలబెట్టాలో మీ ఊళ్ళో విత్తనాల దుకాణంలో అడిగి రాయి. సెలవురోజున స్వయంగా వెళ్ళు. పార్కు లోపల్నుంచి నడుచుకుంటూ వెళ్ళు, ఎండ తగలాలి.

ఇట్లు,
బావ

తా.క.: ఎండ తగలాలన్నది దుంపకి కాదు, నీకు. పొరపాటున దుంపకేనని చదువుకున్నా పరవాలేదు, వెళ్ళడం ముఖ్యం.

---

సోమవారం

బావగారికి నమస్కారాలు.

దుకాణానికి వెళ్ళాను. పార్కు లోపల్నుంచే వెళ్ళాను. దుకాణదారు నా ప్రశ్న విని, "పక్కకి తిప్పి పెట్టమనండి, అప్పుడు కన్ను పైకొస్తుంది కదా" అన్నాడు. నా వెనక నిలబడ్డవాళ్ళు నవ్వారు. నాకెందుకో నవ్వు రాలేదు. ముప్పై ఏళ్ళు బస్సు నడిపిన మనిషికి ఈ మాత్రం తట్టలేదా అని దారంతా అదే బెంగ.

బావగారూ, మంచం మీద పెట్టానన్నారు. మీకు వేరే చోటే దొరకలేదా? వాటికి దుప్పటి ఏమైనా కప్పుతున్నారా? నిజం రాయండి, నేనేమీ అనుకోను.

దుకాణదారు ఇంకొన్ని చెప్పాడు. తెల్లటి పొడుగు మొలకలు చీకట్లో వచ్చినవి, పెళుసు, విరిగిపోతాయి. వెలుతుర్లో వచ్చే పొట్టి, లావు మొలకలే బలమైనవి. ఒక్కో దుంపకి రెండు మూడు మంచివి ఉంచి మిగతావి వేలితో తుడిచేయాలి. పెద్ద దుంపైతే ప్రతి ముక్కకీ కన్నుండేలా కోసి, కోత ఆరాక బూడిద అద్ది నాటాలి. ఇది ఆయన చెప్పింది. ఇప్పుడు నేను చెప్పేది వినండి. ఆ బూడిద ఇంట్లోది పనికిరాదు. ఊరి చివర రొట్టెల బట్టీ ఉంది కదా, అక్కడిదే కావాలి. ఒకేసారి మోసుకు రాకూడదు, రోజూ పొద్దున్నే వెళ్ళి గుప్పెడు తేవాలి. బట్టీవాడితో కాసేపు మాట్లాడి మరీ తేవాలి.

ఇట్లు,
మీ మరదలు

తా.క.: బస్సు రూటు తిరుగు ప్రయాణంలో కూడా చదువుతున్నారా? అక్కణ్ణుంచి వెనక్కి రావడం ముఖ్యం బావగారూ.

---

శుక్రవారం

మరదలికి బావ ఆశీస్సులు.

నాటేశాను.

దుప్పటి కప్పాను, అవును. మధ్యలో చలిగాలి వీచింది. దానికంత బెంగేమిటి? రొట్టెల బట్టీకి రోజూ వెళ్ళాను. బట్టీవాడికి చెవుడు. నేను ఆరోగ్యం గురించి అడిగితే అతను రొట్టె ధర చెబుతాడు. అయినా నువ్వు చెప్పావు కాబట్టి కాసేపు మాట్లాడి మరీ తెచ్చాను.

పెరట్లో నేల గట్టిపడిపోయింది. గడ్డపారతో పొడిచి, పారతో కాలవలు తీసేసరికి నడుము రెండు ముక్కలైంది. ప్లీడరు గారు గోడవతల కుర్చీ వేసుకుని, దాని మీద ఎక్కి నిలబడి చూస్తున్నారు. "ఏమండీ, పొడుగ్గా గొయ్యి తీసి, ముక్కలు కోసి, బూడిద పూసి పాతిపెడుతున్నారు. సాక్షిగా నన్ను పిలిస్తే నేను ఉన్నదున్నట్టు చెప్పాల్సి ఉంటుంది" అన్నారు. కాళ్ళు పీకుతున్నా దిగలేదు. ఆఖర్న, "నాకూ నాలుగు ఇస్తారా? ఇటువైపు నేల ఊరికే పడుంది" అని అడిగారు. మిగిలినవి గోడ మీంచి అందించాను. నీ సూచనలు చెప్పబోతే, "అదంతా మీరు చేయండి, నేను పాతేస్తానంతే" అన్నారు.

నీకు ఒక పార్సిలు పంపాను. అందులో ఒక దుంప ఉంది, అన్నిట్లోకీ అందమైనది. మీ అక్క చేతిరుమాల్లో చుట్టాను. అది నీ దగ్గరే ఉండాలి. మీ అక్క గుర్తుగా కిటికీలో పెట్టుకుని చూసుకో. రోజూ దానికేసి చూడు. మిగతావన్నీ మట్టిలోకి వెళ్ళిపోయాయి. నేను చేయాల్సింది చేసేశాను. బాగా అలిసిపోయాను మరదలా. ఇంక పడుకుంటాను.

ఇట్లు,
బావ

తా.క.: మంచం ఇప్పుడు ఖాళీ అయింది.

---

సోమవారం

బావగారూ,

నమస్కారాలు. పార్సిలూ ఉత్తరమూ కలిసి వచ్చాయి. ఇది మీకు చేరేసరికి ప్లీడరు గారు మీ ఇంట్లో ఉంటారు. ఆయనకి విడిగా కబురు పంపాను. దయచేసి తలుపు తీయండి. ఆయన ఏం అడిగితే అది ఇచ్చేయండి. కూరలు కోసే కత్తి, బట్టలారేసే తాడు, అన్నీ. మీ పని ఏమీ అయిపోలేదు. అసలు పనంతా ముందుంది. మొక్క పైకొచ్చాక మొదట్లో మట్టి ఎగదోయాలి, పెరిగాక మళ్ళీ ఎగదోయాలి, ఆకు పండాకే తవ్వాలి. అప్పటిదాకా మీరు ఎక్కడికీ వెళ్ళడానికి వీల్లేదు. ఎక్కడికీ అంటే ఎక్కడికీ.

మీ మరదలు

తా.క.: ఇంక గడ్డం గీసుకోవద్దు. కాదు, గీసుకోండి. ప్లీడరు గారి ఎదురుగా గీసుకోండి.

---

ఆదివారం

మరదలికి బావ రాయునది.

ఆశీస్సులు తర్వాత.

పడుకుంటానంటే పడుకుంటాననే అర్థం! నడుం నొప్పికి మంచం ఎక్కి హాయిగా గురకపెడుతుంటే తలుపు మీద దబదబమని బాదుడు. తీస్తే ప్లీడరు గారు, చంకలో కుర్చీ. "మీ మరదలు గారి వకాల్తా నా దగ్గరుంది" అంటూ లోపలికొచ్చి గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నారు. కత్తి తీసుకున్నారు. తాడు తీసుకున్నారు. మీ అక్క కుట్టుపని డబ్బా మొత్తం తీసుకున్నారు. చొక్కా గుండీ ఊడితే, కుట్టుకోవడానికి సూది కోసం ఆయనకి అర్జీ పెట్టుకోవాల్సి వచ్చింది.

అది మొదలు నెలన్నరగా రెండు పూటలా ఇక్కడే భోజనం. "కాపలావాడు పస్తుంటే ముద్దాయి పారిపోతాడు" అని ఆయన వాదన. నా వంటకి వంక పెట్టని పూట లేదు. గడ్డం గీసుకుంటుంటే ఎదురుగా కూర్చుని, "ఎడమ దవడ కింద వదిలేశారు" అంటారు. సాయంత్రం పెరట్లోకొచ్చి మొక్కలు చూస్తారు, తర్వాత తన వైపుకెళ్ళి తన మొక్కలకి మట్టి ఎగదోస్తారు. నువ్వు నాకు రాసిందే చేస్తున్నారు, కాకపోతే మోకాలెత్తు పోస్తున్నారు. "దిగువ కోర్టులో పోయినా పైకోర్టులో నిలవాలి కదండీ" అంటారు.

ఇంతకీ నీతో ఒక మాట చెప్పాలి. ఇన్నాళ్ళూ ఆపుకున్నాను. గడ్డం నీళ్ళు పోసి దుంపలు మొలిపించమని బుద్ధున్న మనిషెవరూ రాయరు. మొదటి ఉత్తరం చదవగానే నాకు గుండె ఝల్లుమంది. అక్క పోయిన మర్నాడే పనిలోకెళ్ళిన పిల్ల, ఏడవకుండా ఇస్త్రీ చేసుకుంటోంది, లోపల ఏదో తేడా చేసిందనుకున్నాను. కాదంటే నీ మనసు విరిగిపోతుందని అన్నీ చేశాను. బూడిద కూడా మోశాను. కన్ను పక్కకి వస్తే దుంపని తిప్పి పెట్టాలని నాకు తెలియదా? నిన్ను గదిలోంచి బయటికి పంపడానికి రాశాను. పార్సిలూ అందుకే. చూసుకోవడానికి ఏదో ఒకటి ప్రాణమున్నది ఉంటుందని.

దాంతో ఆగలేదు. నీ సూపర్‌వైజరు గారికి కూడా రాశాను, నిన్ను ఒక కంట కనిపెట్టమని. నీ ఉత్తరాల్లోంచి కొన్ని వాక్యాలు నకలు చేసి పంపాను.

ఇట్లు,
బావ

తా.క.: నేను చెబితే వినరు కానీ, మీ ప్లీడరు గారికి ఉప్పు తగ్గించమని రాయి. వంట నాదీ, రుచి ఆయనదీ అయింది.

---

గురువారం

బావగారికి నమస్కారాలు.

ఆ నకలు సూపర్‌వైజరు గారి బల్ల మీద చూశాను. చక్కగా ఉంది మీ దస్తూరి.

ఆయన నన్ను నేరుగా మానసిక వైద్యుడి గదికి పంపారు. ఆ గది కిటికీ తెరలు నేను ఇస్త్రీ చేసినవే. వైద్యుడు చాలా మెల్లగా, "మీ బావగారు బంగాళాదుంపల్ని బస్సులో తీసుకెళుతుంటారా?" అని అడిగారు. "లేదండీ, బస్సే లేదు, స్టాపులు మాత్రం చదువుతారు" అన్నాను. ఆయన ఏదో రాసుకున్నారు. "వాటికి దుప్పటి కప్పుతారా?" "చలేస్తే కప్పుతారండీ." ఇంకేదో రాసుకున్నారు. నాకు విశ్రాంతి కావాలని తేల్చారు. మీకేం కావాలో ఆయనకి తేలలేదు.

ఇక వినండి. నేను జన్మలో ఒక దుంప నాటలేదు. అక్క నాకేమీ చెప్పలేదు. మట్టి అంటితే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనిదాన్ని నేను. ఈ సంచి తేలితే నాకింక పనేమీ లేదని రాశారు మీరు. ఆ కింద, ఎన్ని తింటే అని అడిగారు. ఆ ఉత్తరం పట్టుకుని ఇస్త్రీ బల్ల పక్కన కూలబడ్డాను. సంచి తేలకూడదనుకున్నాను. అది తేలకుండా ఉండటానికి నోటికొచ్చిన పనల్లా రాశాను. గడ్డం గీసుకోమంటే గీసుకోరు, తినమంటే తినరు. దుంపల కోసమంటే చేస్తారేమోననిపించింది. మీరు చేశారు. చేసినట్టు రాసిన ప్రతిసారీ సంతోషించాల్సింది పోయి, ఈయనకి మతి పోయింది, నేను చెప్పిన చెత్తంతా నమ్ముతున్నారని ఏడ్చాను.

నా మీద మీకు కలిగిన అనుమానం పూర్తిగా అబద్ధమూ కాదు. అక్క ఆఖరి రోజులు పడుకున్న వార్డు దుప్పట్లు ఇప్పటికీ నా బల్ల మీదికే వస్తాయి. ఉతికినవే, తెల్లగానే ఉంటాయి. అయినా ఒక్కోదాన్నీ తిప్పి చూసేదాన్ని, ఎందుకో నాకే తెలియదు. మీ ప్రశ్నలు రావడం మొదలయ్యాక సెలవురోజున వెళ్ళడానికి ఒక చోటు దొరికింది.

ఇంక నటనలు చాలు. మీరు బాగున్నారు, నేను బాగున్నాను. పాపం ప్లీడరు గారికి కూడా చెప్పండి, కాపలా అక్కర్లేదని. ఆయన్ని అనవసరంగా శ్రమపెట్టాను.

ఇట్లు,
మీ మరదలు

తా.క.: వైద్యుడు మాత్రలిచ్చారు. వేళకి తినాలట, ఎండలో నడవాలట, ఎవరితోనైనా మాట్లాడుతుండాలట. ఈ చదువు ఏ విత్తనాల దుకాణంలో చదివారో అడగలేదు.

---

బుధవారం

మరదలికి బావ ఆశీస్సులు.

జవాబు ఆలస్యమైంది. కోపం వల్ల కాదు. నీ ఉత్తరం చదివి గట్టిగా నవ్వాను, తర్వాత మళ్ళీ మొదటి నుంచీ చదివాను. నువ్వు భయపడింది వట్టి భయం కాదు. ఆ సంచి కనపడ్డనాడు నా పరిస్థితి అలాగే ఉంది. ఇప్పుడు లేదు. దాని గురించి ఇంతకంటే రాయలేను.

రాయాల్సింది వేరే ఉంది.

నీ ఉత్తరం వచ్చిన పూటే ప్లీడరు గారికి చదివి వినిపించాను. ఆయనా నవ్వారు. "అయితే కేసు కొట్టేసినట్టేనా?" అన్నారు. "కొట్టేసినట్టే. మరదలు మీకు కృతజ్ఞతలు చెప్పమంది, ఇంక మీకు శ్రమ వద్దంది" అన్నాను. "సరే, వకాల్తా వాపసు" అని కత్తి, తాడు, కుట్టుపని డబ్బా అన్నీ బల్ల మీద పెట్టి, కుర్చీ ఎత్తుకుని వెళ్ళారు. గుమ్మం దగ్గర ఆగి, "రాత్రికి వంట ఏమిటి?" అని అడిగారు. "ఇంకా అనుకోలేదండీ" అన్నాను. నిజంగానే అనుకోలేదు. ఆయన వెళ్ళిపోయారు.

తర్వాత ముసురు పట్టింది. ఎడతెరిపి లేదు. పెరట్లోకి పోయి చూస్తే ఆకుల మీద గోధుమరంగు మచ్చలు, అడుగున తెల్లటి బూజు. మర్నాటికి కాడలన్నీ నల్లబడి నేలకి వాలిపోయాయి. కుళ్ళు వాసన గదిలోకి కొట్టింది. పారతో తవ్వితే దుంపల బదులు చేతికి గుజ్జు వచ్చింది. ఒక్కో మొక్కనీ తవ్వుతూ పోయాను, అన్నీ అంతే. ఈ సంగతి ప్లీడరు గారికి చెప్పి, ఆయన చేత నాలుగు మాటలు అనిపించుకోవాలనిపించింది. గోడ దగ్గరికెళ్ళి పిలిచాను. పలకలేదు. వాననుకుని ఊరుకున్నాను. సాయంత్రం మళ్ళీ పిలిచాను. వీధి వైపు వెళ్ళి చూస్తే గుమ్మంలో పేపర్లు తడిసి అట్టకట్టి ఉన్నాయి.

వడ్రంగిని పిలిచి తలుపు తీయించాను. బల్ల ముందు కుర్చీలో కూర్చుని ఉన్నారు, కళ్ళజోడు పెట్టుకునే. ఎదురుగా మూత పెట్టిన గిన్నె ఉంది. గుండె ఆగిందని, ఆదివారమే అయ్యుంటుందని డాక్టరు చెప్పాడు. "ఎవరికి కబురు చేయాలి?" అని అడిగితే వీధిలో ఎవరికీ తెలియలేదు. ఇన్నేళ్ళు గోడ పంచుకున్నాను, నాకూ తెలియలేదు. శ్మశానానికి నేను, వడ్రంగి, మరి ఇద్దరు వెళ్ళాం. అంతే జనం. నీకూ నాకూ ఏమవుతుందోనని మనం కళ్ళు కాయలు కాసేలా చూసుకున్నాం మరదలా. ఆయన్ని చూడమని మనకెవరూ రాయలేదు.

నిన్న ఆయన పెరట్లోకి వెళ్ళాను. ఆకులు అక్కడా నల్లబడ్డాయి. కానీ ఆయన మోకాలెత్తు పోసిన మట్టి ఉంది కదా, తెగులు దుంప దాకా దిగలేదు. తవ్వుతుంటే ఒకటి తర్వాత ఒకటి వచ్చాయి. గట్టిగా, పిడికిలంత. బుట్ట నిండింది. అయినా ఆపకుండా తవ్వాను.

వాటిలో కొన్ని ఉడకబెట్టుకున్నాను. ఉప్పు ఎంత వేయాలో తెలియలేదు. ఒక్కణ్ణే కూర్చుని తిన్నాను. బాగున్నాయి. బుట్టెడు ఇంకా ఉన్నాయి. ఎలా దాచాలో, ఏ బూడిద అద్దాలో రాయకు. నీకు విశ్రాంతి ఇచ్చారుగా, బయల్దేరి రా. పడకగది నీకిచ్చి నేను హాల్లో పడుకుంటాను. నాకు ఏదో అయిందని కాదు, నీకు ఏదో అయిందనీ కాదు. ఊరికే రా.

ఇట్లు,
బావ

తా.క.: శ్మశానం గుమాస్తా పుస్తకం తెరిచి, "పోయినాయనకి మీరేం వరస?" అని అడిగాడు. ఏం చెప్పాలో తోచక, "గోడ" అన్నాను. అతను తలెత్తకుండా అదే రాసుకున్నాడు.